మూడు ఊళ్లు, మూడు మొదటిసార్లు

పోయిన వారం మా అమ్మాయి కోదాడ నుంచి ఫోన్ చేసి, సూర్యాపేటలో డాక్టరమ్మకు చూపించుకోవాలి, తోడు రమ్మని అడిగింది. ఎందుకో చెప్పడానికి దానికి చాలాసేపు పట్టింది. రెండో నెల దాటకముందే కడుపు పోయిందట, అదీ రెండోసారట, ఇప్పుడు ఏవేవో పరీక్షలు చేయించాలట; మొదటిసారి పోయిన సంగతి నాకసలు తెలియనే తెలియదు. కన్నతల్లి దగ్గర దాచిందే అని ముందు కోపమొచ్చింది, కానీ ఫోన్ పెట్టేసి కాసేపు కూర్చున్నాక, ఆ దాచే గుణం దానికి ఎవరి నుంచి వచ్చిందో గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

నా ఈడు వాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు. మూడో నెల నిండేదాకా కడుపుతో ఉన్నామని బయటికి పొక్కనివ్వకూడదు, దిష్టి తగులుతుంది. నిండాక ఎవరికి ముందు చెప్పాలో, పుట్టింటికి ఎట్లా కబురంపాలో, అన్నిటికీ పద్ధతులుండేవి. నిండకముందే పోతే ఏం చేయాలో మాత్రం ఏ పెద్దామె నాకు చెప్పలేదు. ఉందని చెప్పని దాన్ని పోయిందని ఎట్లా చెప్పుకుంటాం?

మా ఆయనకు అప్పుడు మేళ్లచెరువు దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పని. కిరాయికి రెండు గదులు, ఉతికి ఆరేసిన బట్టల్ని దులిపితే గాని కట్టుకోలేనంత దుమ్ము, ఆయన డ్యూటీ నుంచి వస్తే కనుబొమలు కూడా తెల్లగా ఉండేవి, కొత్త పెళ్లికూతుర్ని కదా, అది చూసి నవ్వేదాన్ని. మొదటిసారి అక్కడే పోయింది. మా అత్తగారు హుజూర్‌నగర్ పక్క పల్లె నుంచి బస్సు దిగీ దిగగానే నన్ను కోదాడ దవాఖానకు తీసుకెళ్లింది. తొలిసారి చాలామందికి ఇట్లా అవుతుంది, భయపడకమ్మా అని డాక్టరు ఒక చీటీ రాసిచ్చి పంపించాడు. ఇరుగుపొరుగుతో మా అత్తగారు జ్వరమని చెప్పింది. జ్వరమంటే మా వైపు బత్తాయిలు తేవడం ఆనవాయితీ కాబట్టి, పక్కింటామె అర డజను తెచ్చి, నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, ఇప్పుడు తగ్గినట్టే ఉందే అంది. రాని జ్వరానికి తెచ్చిన ఆ బత్తాయిలు వలుచుకుని తింటూ ఏడ్చాను, పుల్లగా ఉన్నాయని చెప్పాను.

రెండోసారి పోయినప్పుడు మిర్యాలగూడలో పుట్టింట్లో ఉన్నాను. అక్కడి డాక్టరమ్మ ఇదివరకు ఎప్పుడైనా అయిందా అని అడిగితే, మా అమ్మ నాకంటే ముందు అందుకుని, లేదమ్మా, ఇదే మొదటిసారి అంది. మా అమ్మకు నేనంటే ప్రాణం, అందులో అనుమానం లేదు. కాగితం మీద రెండోసారని పడితే, అది ఎవరి నోటనో మా అత్తగారి ఊరికి చేరి, పిల్లకు గర్భం నిలవదన్న పేరు పడుతుందని ఆమె భయం. ఈమె కూడా తొలిసారి మామూలేనంది, ఇంకో చీటీ ఇచ్చింది. ఇంటికొచ్చాక మళ్లీ జ్వరమే, మళ్లీ బత్తాయిలే, ఈసారి మా పిన్ని తెచ్చింది.

ఆ రెండేళ్లూ చాలా ఒంటరిగా ఉన్నాను. మా ఆయన మంచివాడే, కానీ ఏమనాలో తెలియక ఏమీ అనేవాడు కాదు, నేనూ అడిగేదాన్ని కాదు, అన్నం పెట్టడం, తినడం, అంతే. కనబడిన ప్రతి ఆడమనిషీ ఇంకా ఏం విశేషం లేదా అనేది, నేను నవ్వేదాన్ని. పోయినవాటికి ఏ నెలలో నెలలు నిండేవో నా ఒక్కదానికే లెక్క. ఆ నెల వచ్చి వెళ్లిపోయేది, ఇంట్లో ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. ఆ రెండు చీటీలూ పారేయడానికి మనసొప్పక పెట్టెలో పెళ్లి చీర మడతలో దాచుకున్నాను. అవి తప్ప వాళ్లు వచ్చి వెళ్లారనడానికి నా దగ్గర ఇంకేమీ లేదు.

మూడోసారి సూర్యాపేట. కోదాడలో గుర్తుపడతారని, మిర్యాలగూడలో మా అమ్మ తరఫు వాళ్లు కనబడతారని, అంత దూరం బస్సులో మా అత్తగారితో కడుపు పట్టుకుని వెళ్లాను. డాక్టరమ్మ అడగనే అడిగింది, మా అత్తగారు మొదటిసారేనని చెప్పనే చెప్పింది. మందులు తేవడానికి ఆమె బయటికి వెళ్లినప్పుడు, సూది వేస్తున్న పెద్ద నర్సమ్మ, నా తల్లి ఈడు మనిషి, నా మొహం చూసి చేయి ఆపింది.

“నిజం జెప్పు బిడ్డా, ఎన్నోసారి?” అంది.

మూడు వేళ్లు చూపించాను. ఎక్కడెక్కడ చూపించుకున్నానో అడిగింది, చెప్పాను.

“మూడూళ్లల్ల మూడు మొదటిసార్లా? జెప్పకపోతే డాక్టరమ్మకు ఎట్ల తెలుస్తది బిడ్డా, ఆమెకేమన్న జోస్యమొస్తదా?” అని కసిరి, ఆ కసరడంలోనే నా తల నిమిరి, చేయి పట్టుకుని మళ్లీ లోపలికి తీసుకుపోయింది. నా మీద చెయ్యి వేసి ఆ మాట అడిగిన మనిషి ఆమె ఒక్కతే.

రక్తం తీసి హైదరాబాదు పంపించారు, కాగితం రావడానికి పది రోజులు పట్టింది. థైరాయిడ్ తక్కువుందట, ఇదే కారణమో, ఇంకేమన్నా ఉందో ఖాయంగా చెప్పలేను గాని ముందు దీన్ని సరిచేద్దామంది డాక్టరమ్మ. పొద్దున్నే పరగడుపున ఒక చిన్న మాత్ర. ఆ మరుసటి ఏడు మా అమ్మాయి పుట్టింది. ఆ మాత్ర ఇప్పటికీ వేసుకుంటూనే ఉన్నాను, మా అమ్మాయి ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తోంది, ఎందుకని అడిగితే నీరసానికి అని చెప్పాను.

సూర్యాపేట ఇప్పుడు గుర్తుపట్టేటట్టు లేదు, ఆ పాత దవాఖాన ఎటున్నదో నాకు అంతుపట్టలేదు. మేం వెళ్లినచోట చల్లటి గది, కంప్యూటరు, మా అమ్మాయికంటే చిన్నగా కనబడే డాక్టరమ్మ. మా అమ్మాయి రెండుసార్లని దాపరికం లేకుండా చెప్పింది, నాకు ఎంత నిమ్మళమనిపించిందో. అప్పుడు ఆ పిల్ల డాక్టరమ్మ తల ఎత్తకుండానే, మీ అమ్మగారికి గాని, వాళ్ల వైపు ఎవరికైనా గాని ఇట్లా అయిందా అని అడిగింది.

“లేదు మేడం,” అంది మా అమ్మాయి వెంటనే.

అచ్చం మా అమ్మ గొంతు. కాకపోతే మా అమ్మ తెలిసి అబద్ధమాడింది, దీనికి పాపం ఏమీ తెలియదు. ముప్పై ఏళ్ల తర్వాత కూడా నోటికంటే ముందు నా చెయ్యే లేచింది, మూడు వేళ్లు చూపించాను, ఆ తర్వాత, “నాకయింది, మూడుసార్లు” అన్నాను. డాక్టరమ్మ రాసుకుని, థైరాయిడ్ పరీక్ష కూడా ఈరోజే చేయిద్దాం అంది. మా అమ్మాయి నా వైపే చూస్తూ కూర్చుంది.

కోదాడ వచ్చే బస్సులో అది కిటికీ పక్కన కూర్చుంది. మునగాల దాటాక, “మనింట్ల ఎవ్వరికీ లేంది నాకే అయిందనుకున్ననమ్మా, నాలోనే ఏదో లోపమున్నదని” అంది. ఇంకాసేపయ్యాక కిటికీలోంచి బయటికి చూస్తూ, “అంటే నాకంటే పెద్దోళ్లు ముగ్గురుండేటోళ్లన్నట్టు. అక్కలో, అన్నలో” అంది.

పది రోజులు ఎదురుచూసిన కాగితం ఇప్పుడు సాయంత్రానికి ఫోనులోకి వచ్చేస్తోంది, డాక్టర్లు అడగాల్సినవన్నీ అడుగుతున్నారు, దీనికి నాకు పట్టినన్ని ఊళ్లు పట్టవని ఆశగా ఉంది. నేనే ముందు చెప్పి ఉంటే దీనికి ఆ మొదటిసారి తోడుండేదాన్ని కదా అన్న బాధ మాత్రం పోదు. అత్తగారు జ్వరమంది, డాక్టర్లు మామూలన్నారు, నాకు చీటీలయ్యాయి. పోయిన ఆ ముగ్గురినీ ఒక వరస పెట్టి పిలిచిన మనిషి ఇన్నేళ్లలో మా అమ్మాయి ఒక్కతే.