నారాయణగూడలో నేను నింపిన బబుల్

అశోక్‌నగర్ నుంచి పక్కనే ఉన్న నారాయణగూడకు ప్రయాణమేంటి, దానికో కథనమేంటి అని మీరు నవ్వవచ్చు. నవ్వండి. నాలుగేళ్లుగా హాస్టలు, మెస్సు, చిక్కడపల్లి లైబ్రరీ తప్ప వేరే లోకం ఎరగని నాబోటి గ్రూప్స్ అభ్యర్థికి ఇది కాశీయాత్రే.

కారణం శ్రావణ్. మూడేళ్లు నా రూమ్మేటు. కిందటేడు పరీక్ష మధ్యలో పెన్ను కింద పెట్టేసి, బెల్లు కొట్టేదాకా ఊరికే కూర్చుని వచ్చాడు. ఇక బొమ్మలే వేస్తానన్నాడు. "బొమ్మలు బువ్వ పెడ్తయారా?" అని పెద్దమనిషిలా తిట్టాను. నా బువ్వకు ఇప్పటికీ నాయినే పైసలు పంపుతున్నాడన్న సంగతి అప్పుడు గుర్తు రాలేదు. వాడు బ్యాగు సర్దుకుని రాంనగర్ వెళ్లిపోయాడు. మాటల్లేవు. మొన్న మెసేజ్ పెట్టాడు: "ఆదివారం నారాయణగూడల నా బొమ్మలు ప్రదర్శనకు పెడ్తున్నరు. వస్తె రా, నీ ఇష్టం." ఎలాగైనా తప్పయిందని చెప్పి రావాలనుకున్నాను.

మధ్యాహ్నం మూడింటికి, ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాను. నడిస్తే చెమటకు చొక్కా నలుగుతుందని చిక్కడపల్లిలో మెట్రో ఎక్కాను. నారాయణగూడ పక్క స్టేషనే. లేచి తలుపు దగ్గరికి వెళ్తుంటే ఎదురు సీట్లో ఒక పెద్దమ్మ అడిగింది: "ఇప్పుడే గద బిడ్డా ఎక్కినవు? గీమాత్రం దానికి నడిస్తె కాళ్లరుగుతయా?" డబ్బా అంతా నావైపు చూసింది.

ప్రదర్శన మెట్రో దిగి రెండో సందులో, మందుల షాపు పైన రెండో అంతస్తులో. 3.25కి లోపలున్నాను. వాళ్లది పాప్ ఆర్ట్ అట; అదేమిటో రాత్రే బట్టీ పట్టాను: రోజూ చూసి చూసి పట్టించుకోని వస్తువును పెద్దది చేసి, రంగులు పోసి గోడకెక్కించడం. గోడ మీద నాలుగు రంగుల్లో గ్యాస్ సిలిండర్లు. చాటంత ఉస్మానియా బిస్కట్. 'రూము కిరాయికి కలదు' బోర్డు గులాబీ రంగులో. నేను పరీక్షకు వస్తాయేమోనని అన్నీ నోట్ చేసుకున్నాను.

చివరి గోడకు ఆరడుగుల ఓఎంఆర్ షీటు, అదే, పరీక్షలో జవాబుకో గుండ్రటి బబుల్ నింపే కాగితం. ఎనభయ్యో ప్రశ్న నుంచి ఎనభై ఏడు దాకా, బబుల్స్ పసుపు, ఎరుపు, నీలం. శ్రావణ్‌దే. చూస్తూ చూస్తూ ఉంటే చివరి వరస, ఎనభై ఏడోది, ఖాళీగా కనబడింది. ఖాళీ బబుల్ అంటే పోయిన మార్కు. జేబులో నల్ల బాల్‌పెన్ను ఎప్పుడూ ఉంటుంది. ఏమీ తెలియనప్పుడు నేను పెట్టేది 'సి'. గీత దాటకుండా, చక్కగా, గుండ్రంగా నింపేశాను.

"ఓ అన్నా! ఏం జేస్తున్నవ్? అది పెయింటింగ్!" అని వెనక నుంచి ఎవరో అమ్మాయి అరిచింది. జనం మూగారు. శ్రావణ్ పరుగెత్తుకొచ్చాడు. తప్పయిందని చెప్పడానికి వచ్చి ఇంకో తప్పు చేశాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

వాడు వంగి నేను నింపిన బబుల్ మీద వేలు పెట్టాడు. "ఎనభై ఏడు. గాడనే పెన్ను కిందవెట్టిన. గందుకే ఖాళీగ ఇడిసిన."

"తప్పయింది రా శ్రావణ్. ఇయ్యాలదే కాదు. ఆనాటి బువ్వ మాట గూడ."

వాడు రెండుగా వంగిపోయాడు. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. కాదు, పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. "అరే నరేశ్, ప్రశ్న లేకున్నా జవాబు వెట్టినవు గదరా!" అంటూ నా చేతిలో పెన్ను లాక్కుని, బొమ్మ కింద అంటించిన చీటీలో ఏదో రాశాడు. తర్వాత ఇద్దరం కిందికి దిగి చాయ్ తాగాం. ఏడాది మాటలు గంటన్నరలో అయిపోలేదు.

వెళ్లేవారికి సూచన: ప్రదర్శన ఈ వారమంతా ఉంటుంది, ప్రవేశం ఉచితం, పెన్ను ఇంట్లో పెట్టి వెళ్లండి.

తిరుగు ప్రయాణం నడకే; పెద్దమ్మ మాట నిజమే, కాళ్లేమీ అరగలేదు. చీటీని మాత్రం ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను. 'కాన్వాస్, యాక్రిలిక్ రంగులు. ఎనభై ఏడో జవాబు: నరేశ్, బాల్‌పెన్నుతో.' నాలుగేళ్లుగా ఎన్నో ఫలితాల లిస్టులు వెతికాను. నా పేరు కనబడింది ఇందులోనే.