ఒక చాప, రెండు నడుములు

నా నడుము భీము ఎత్తంగ పోయింది. భీమంటే బట్ట నేసే సాంచా, అదే మరమగ్గం, వెనక పెట్టే పెద్ద ఇనుప రోలు. దానికి పడుగు నూలంతా చుట్టి ఉంటది. ఎప్పుడైనా ఇద్దరం కలిసే మోస్తం. ఆ పొద్దు నాతోటి పట్టినాయన కాలు జారి తన దిక్కు వదిలిండు. బరువంతా నా మీదికి వచ్చింది. నడుముల ఏదో పట్టేసినట్టు అయింది, అంతే. భీమును కింద పెట్టి దాని పక్కనే నేను కూడ కూలబడ్డ. మళ్ళ లేవరాలేదు.

మా ఊరు వదిలొచ్చి ఈ లింబాయత్ బస్తీల ఇరవై ఏండ్ల సంది సాంచాలు నడుపుతున్న. జరం వచ్చినా పని బంద్ పెట్టలే. అసొంటి నన్ను షేర్ ఆటోల అడ్డంగ పండుకోబెట్టి ఇంటికి తీసుకొచ్చిండ్రు.

దవాఖానల ఫోటోలు తీసి, కింది వెన్నుపూసల నడుమ ఉండే మెత్తటి దిండసొంటిది పక్కకు జరిగిందన్నరు. ఎడమ కాలు పిక్క దాక తిమ్మిరి ఉండేది. డాక్టర్ గోలీలు రాసిచ్చి, "ఆపరేషన్ అక్కర లేదు. కానీ తిమ్మిరి పెరిగినా, ఒంటేలు ఆగకపోయినా వెంటనే రావాలె. జర తగ్గినంక కసరత్తు నేర్పే బెన్ ఉంటది, ఆమె దగ్గరికి పో" అన్నడు.

బెన్ అంటే ఇక్కడోళ్ళ మాటల అక్క. నేను పోలేదు. మూడు వారాలు మంచం మీద పండుకుని యాష్ట వచ్చింది. నొప్పి సగం తగ్గంగనే, కసరత్తుకు బెన్ ఎందుకు, యోగా ఊరందరు చేస్తనే ఉన్నరు గదా అనుకున్న. మా గల్లీ దాటినంక ఒక తోట ఉంటది. పొద్దుగాల అక్కడ యాభై అరవై మంది కూడి యోగా చేస్తరు. పోయి చివరి వరుసల కూసున్న. మాస్టర్ పెద్దమనిషి, ప్రేమగనే మాట్లాడిండు. కొత్తగ వచ్చినోళ్ళు ఏమన్న తక్లీఫ్ ఉంటే చెప్పుండ్రి అని కూడ అన్నడు. నేను నోరు తెరువలే. అంతమందిల నడుము పోయిందని చెప్పుకోవడానికి నామోషీ అనిపించింది.

కాళ్ళు చాపి, ముందుకు వంగి, బొటనవేళ్ళు పట్టుకోమన్నడు. నా పక్కన డెబ్బై ఏండ్ల ముసలాయన మెల్లగ వంగి పట్టుకున్నడు. నేను మోకాళ్ళ దాక కూడ పోలే. సిగ్గయి జోరుగ వంగిన. నడుము నుంచి మడిమె దాక నిప్పు పెట్టినట్టు అయింది. ఇంటికి ఎట్ల వచ్చిన్నో నాకు యాది లేదు.

మళ్ళ పదిహేను రోజులు మంచమే. నా భార్య ఇంట్లనే చీరలకు రాళ్ళు అంటిస్తది. పొద్దంత కింద కూసోని, చీర మీదికి వంగి పని చేస్తది. ఆ పని ఆపి నన్ను లేపాలె, తానం చేయించాలె, బట్టలు మార్చాలె. ఆమె ఒక్క మాట అనలే. అంటేనే నాకు నయముండేది.

చివరికి బెన్ దగ్గరికి పోయిన. చిన్న వయసు పిల్ల. నేను చెప్పిందంత విని, "మాస్టర్‌కు నీ నడుము సంగతి చెప్పినవా, కాకా?" అని హిందీల అడిగింది.

"లేదు."

"మరి ఆయనకెట్ల తెలుస్తది?"

ఆమె నా దవాఖాన ఫోటోలు వెలుతురుకు పట్టి చూసింది.

"యోగాది తప్పు కాదు. నువ్వు కూడ చేద్దువు. కానీ ఇప్పుడే ముందుకు వంగుడు వద్దు, మెలి తిరుగుడు వద్దు" అన్నది.

మొదటి వారం ఆమె నేర్పింది గింతే. ఎల్లెలుకల పండుకుని, మోకాళ్ళు మడిచి, ఊపిరి తీసుకునుడు. తర్వాత బోర్ల పండుకుని మోచేతుల మీద లేసుడు. కాలు కిందికి నొప్పి దిగితే వెంటనే ఆపాలె. కాలుల నొప్పి నడుము దిక్కు పైకి వస్తే భయం లేదు, చేయొచ్చు. గింతే లెక్క. సాంచా ఆడించిన మనిషికి గది ఎంత విసుగు ఉంటదో చెప్పలేను. గంటల కొద్ది నిలబడి పని చేసినోణ్ణి, ఊపిరి పీల్చి వదిలితే అలిసిపోతున్న.

మాది ఒకటే అర్ర. బిడ్డలు బడికి పోయినంక మంచానికి, పొయ్యికి నడుమ చాప పరుస్తం. ఒక పొద్దు నేను బోర్ల పండుకుని ఉంటే నా భార్య వచ్చి పక్కన పండుకుంది. నవ్వులాటకు అనుకున్న. నేను చేసినట్టే మోచేతుల మీద లేసి, పండ్లు కొరుక్కుని ఆగింది.

"ఏమైంది?" అన్న.

"ఏం లేదు. నాది కూడ జర గుంజుతది."

"ఎప్పటి సంది?"

"చిన్నది పుట్టినప్పటి సంది."

చిన్నది ఇప్పుడు ఎనిమిదో తరగతి. "గన్నేండ్ల సంది ఎందుకు చెప్పలే?" అన్న.

"చెప్తే ఏం చేస్తుంటివి? నువ్వు వచ్చేటాళ్ళకు అలిసిపోయి వస్తుంటివి." కోపంగ అనలే. ఉన్నది ఉన్నట్టు అన్నది.

మరుసటి వారం బతిలాడి ఆమెను కూడ బెన్ దగ్గరికి తోలుకపోయిన. బెన్ ఆమెను అటు ఇటు వంగమని, పండుకోమని, కాళ్ళు లేపి చూసి, డాక్టర్‌కు కూడ చూపించమన్నది. అంతా అయినంక, "మీ ఇద్దరిది ఒక తీరు కాదు. ఆయనకు నయం చేసేది నీకు నొప్పి చేస్తది. నువ్వు ఎనకకు వంగొద్దు. మోకాళ్ళు పొట్ట మీదికి తెచ్చుకో. గంటకొకసారి పని కాడ నుంచి లేసి నడువు" అని చెప్పింది. అంటే ఆ పొద్దు నన్ను చూసి చేసిందంత ఆమెకు చెడ్డనే చేసింది.

ఇప్పుడు ఎనిమిది నెలలు అయింది. నేను మళ్ళ కార్ఖానాకు పోతున్న. భీములు ఎత్తుతలేను. బట్ట తప్పులు చూసే బల్ల కాడ నిలబడుతున్న, నడుమ నడుమ కూసుంటున్న. ఎడమ కాలు చిటికెన వేలుకు తిమ్మిరి ఇంక ఉన్నది. పొయ్యేది లేదేమో అన్నది బెన్. తోటకు కూడ పోతున్న, వారంల రెండు రోజులు. మాస్టర్‌కు అంతా చెప్పిన. అందరు వంగినప్పుడు నేను కాళ్ళు చాపుకుని ఊకెనే కూసుంట. ఎవ్వరు చూస్తలేరు.

కొన్ని పొద్దులు ఇద్దరికీ చేయబుద్ధి కాదు. చాప పరిచి, దాని మీద పక్కపక్కన పండుకుని పైకప్పు రేకులు చూస్తుంటం. జరసేపు అయినంక ఎవరో ఒకరు మోకాళ్ళు మడుస్తం.