అక్క ముట్టని రొట్టె

ఏళ్లుగా గుండెల మీద బండ పెట్టుకుని తిరుగుతున్నాను. పైకి ఎవరికీ కనపడదు. తింటాను, నవ్వుతాను, ఆదివారం మందిరంలో పళ్లెం పట్టుకుని నిలబడతాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పగల ధైర్యమే ఉంటే ఇలా రాసే పని ఉండేది కాదు.

నేను కొబ్బరి మీద పరిశోధన చేసేవాణ్ణి. చెట్టుకు పట్టే పురుగులు, తెగుళ్లు నా పని. మా ఊరు కోనసీమలో, ముమ్మిడివరానికి దగ్గర. పుట్టుకతో క్రైస్తవుణ్ణి, మా సంఘంలో పెద్దల్లో ఒకణ్ణి. క్రిస్మస్‌కి కుర్రకారు నన్ను మైకు ముందు నిలబెట్టి సైన్సుకీ దేవుడికీ తగువు లేదని చెప్పించుకుంటారు. బాగా చెబుతాను. మాటలో తప్పు లేదు. చెప్పే నోరే మంచిది కాదు.

అక్క నాకంటే చాలా పెద్దది. అమ్మ పోయాక నన్ను ఎత్తుకుని పెంచింది. బావ పోయాక, పిల్లలు లేకపోవడంతో, మా ఇంటికే వచ్చేసింది. అక్క ప్రార్థన చేస్తుంటే గదిలో ఇంకెవరో కూర్చుని వింటున్నారనిపించేది. పక్కింటి గేదె ఈనిందని, నాకు జలుబు చేసిందని అన్నీ చెప్పేది. నేనూ మోకరించేవాణ్ణి, మాటలు నాకూ వచ్చు, కానీ నా ప్రార్థన ఎప్పుడూ ఆఫీసు మీటింగులో చదివినట్టే ఉండేది. అక్క మీద నాకు అసూయ. ఇన్నేళ్లకు ఆ మాట రాయగలిగాను.

అక్కకు మోకాళ్ల నొప్పులు వచ్చాయి. అమలాపురం తీసుకెళ్లి చూపించాను. మాత్రలు కడుపులో మంట అని మానేసింది. మా మందిరంలో శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉంటుంది. ఆడవాళ్లు ఇంట్లోంచి చిన్న సీసాల్లో కొబ్బరినూనె తెచ్చి వరసగా పెడతారు. పాస్టరు గారిని మేం అయ్యగారు అంటాం. ఆయన వాటి మీద చేతులు చాపి ప్రార్థన చేస్తారు. ఆ నూనె ఇంటికి తీసుకెళ్లి నొప్పి ఉన్నచోట రాసుకుంటారు. అక్క నడవలేక సీసా నా చేతికి ఇచ్చేది. "మర్చిపోకురా, అయ్యగారి ముందు పెట్టి తీసుకురా" అనేది.

ఇక్కడ మా పని గురించి కాస్త చెప్పాలి. కొబ్బరిచెట్టుకు మందు వేరులోంచి ఎక్కిస్తాం. లేత వేరు ఒకటి తవ్వి, కొన ఏటవాలుగా కోసి, మందు పోసిన ప్లాస్టిక్ సంచీలో ముంచి దారంతో కడతాం. చెట్టు తాగేస్తుంది. కొన్ని చెట్లకు మాత్రం మందు బదులు ఉత్త నీళ్ల సంచీ కడతాం. దేనికి ఏది కట్టామో రైతుకు చెప్పం. మందు పనిచేసిందా, లేక చెట్టు దానంతటదే కోలుకుందా అన్నది తేలాలంటే ఇదే దారి. ఒకసారి ఒక రైతు నీళ్ల సంచీ కట్టిన చెట్టునే చూపించి, "ఆయ్, మీ మందు భలే పట్టిందండీ, మొవ్వు చూడండి ఎలా లేచిందో" అన్నాడు. తల ఊపి వచ్చేశాను. దారంతా నవ్వుకున్నాను. ఆ నవ్వులోనే నాకు ఆ ఆలోచన వచ్చింది.

ఆ శుక్రవారం అక్క ఇచ్చిన సీసాను స్కూటీ సీటు కింద పెట్టి, కాలవ లాకుల దాకా వెళ్లి టీ తాగి, సీసా అలాగే తెచ్చి అక్కకు ఇచ్చాను. తర్వాతి శుక్రవారమూ అంతే. వరసలో ఎవరి సీసా ఉందో లేదో అయ్యగారు చూడరు. అక్క రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకునేది. నేను చూస్తూ నిలబడేవాణ్ణి. చూడటమే కదా నా పని.

నొప్పి తగ్గింది. ముందు గుమ్మం దాకా, తర్వాత కాలవగట్టు దాకా, ఆ తర్వాత మందిరం దాకా నడిచింది. ఒక ఆదివారం సాక్ష్యం చెప్పడానికి లేచింది. మా దగ్గర దేవుడు చేసిన మేలు అందరి ముందూ లేచి చెప్పుకోవడం ఆనవాయితీ. మోకరించి చూపించింది కూడా. చివర్న నవ్వుతూ, "మా తమ్ముడు సైంటిస్టండీ. మీకందరికీ తెల్సు. ఈ నూనె నాకు మోకాళ్లకి రాస్తే చాలింది గానీ వాడికి నెత్తికి రాయాలండీ" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వి చప్పట్లు కొట్టాను. లోపల ఉడికిపోయాను. వేళాకోళం చేసింది ప్రేమతోనే. నాకు తెలుసు. అయినా ఆ పూట భోజనాలయ్యాక వెళ్లి అక్క ఎదురుగా కూర్చున్నాను.

"అక్కా, ఆ నూనె మీద అయ్యగారు ప్రార్థన చెయ్యలేదు."

"అదేంట్రా?"

"నేనసలు మందిరానికి తీసుకెళ్లలేదు. ఒక్క శుక్రవారం కూడా. మనింట్లో నూనె మనింటికే తెచ్చేను."

అక్క తన మోకాళ్ల వైపు చూసుకుంది. తర్వాత, "మరి నేను సాక్ష్యం చెప్పేనే" అంది.

"చెప్పేవు."

"నువ్వు ముందు కుర్చీలో ఉన్నావు గదరా. చప్పట్లు కూడా కొట్టేవు. ఎందుకు చేసేవురా ఇలా?"

"నిజం తెలియాలని."

"ఎవరికి?"

నేను కుర్చీ వెనక్కి జరుపుకున్నాను.

"అయితే వచ్చే ఆదివారం లేచి చెప్పేస్తాను. నేను చెప్పింది అబద్ధమైపోయిందని. దేవుడి ఎదట అబద్ధ సాక్ష్యం ఉంచుకోలేనురా."

"నా పేరు వస్తుంది కదక్కా. సంఘంలో తలెత్తుకోగలనా? నా మీద ఒట్టు, చెప్పకు."

"ఒట్లు పెట్టకూడదు." మోకాళ్ల మీద కొంగు సర్దుకుంది. "చెప్పన్లే. అంతే."

అంతే అన్నది, అంతే. చచ్చేదాకా చెప్పలేదు.

మళ్లీ నొప్పులు వచ్చాయి. మోకాళ్లకు రాసుకునే నూనె సీసా అక్క ఇంక ముట్టుకోలేదు, దేవుడితో కబుర్లు చెప్పుకోవడమూ మానేసింది. గోడ పట్టుకుని నడుస్తుంటే చూసి నేను ఏమనుకున్నానో చెప్పనా? అనుకున్నట్టే అయింది అనుకున్నాను. సంతోషపడ్డాను. తల్లిలాంటి మనిషి నొప్పితో మూలుగుతుంటే నా లెక్క సరిపోయిందని సంతోషపడ్డాను. అలాంటి చేతుల్లో పెరిగిన నాకు ఇలాంటి గుండె ఎక్కడినుంచి వచ్చింది?

నెలలో మొదటి ఆదివారం మా దగ్గర బల్ల ఉంటుంది. ప్రభువు కడరాత్రి భోజనానికి గుర్తుగా రొట్టె ముక్కలు, చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం. ఒప్పుకోని పాపం ఉన్నవాళ్లు బల్ల ముట్టకూడదని మా సంఘంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పళ్లెం పట్టుకుని అందరి దగ్గరికీ వెళ్లేది పెద్దలు. ఆ నెల ఆడవాళ్ల వైపు నా వంతు. అక్క దగ్గర ఆగాను. అక్క తల అడ్డంగా ఊపింది. ఒక్క క్షణం పళ్లెం అలాగే పట్టుకుని, పక్కావిడ దగ్గరికి జరిగాను. అందరికీ ఇచ్చాక నా రొట్టె నేను తీసుకుని తిన్నాను.

తర్వాతి నెలా అంతే. ఆ తర్వాతా. ఊరంతా ఒకటే గుసగుస. నిప్పు లేనిదే పొగ రాదుగా అన్నారు. మొగుడు పోయిన ఆడది, ఏం చేసిందో ఏమో అన్నవాళ్లూ ఉన్నారు. ఆ మాట నా చెవిన పడ్డప్పుడు నేను కొబ్బరాకు మీద తెల్లదోమ గురించి ఎవరికో చెబుతున్నాను. మాట ఆపలేదు. అయ్యగారు ఇంటికొచ్చి, ఒప్పుకోవలసింది ఏమైనా ఉందా అని అడిగారు. "దేవుడికి తెల్సండీ" అంది అక్క. ఆయన నా వైపు జాలిగా చూశారు. ఇలాంటి అక్కతో ఎలా వేగుతున్నాడో అని కాబోలు.

ఒక శుక్రవారం ఆయన అక్కను ముందుకు పిలిచి కుర్చీలో కూర్చోబెట్టి, తమ్ముడిగా నన్నే ప్రార్థన చెయ్యమన్నారు. అక్క తల మీద చెయ్యి పెట్టాను. ప్రభువా, ఈ కఠిన హృదయాన్ని మెత్తబరచు, దాచుకున్నది బయట పెట్టించు అని గట్టిగా ప్రార్థించాను. చివరి మాట దగ్గర ఆగిపోయాను. అందరూ ఏడుపనుకున్నారు. అక్క ఆమేన్ అంది.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. చెప్పాలనుకుంటూనే ఇంత దూరం వచ్చాను.

అక్క తల మీద చెయ్యి పెట్టినప్పుడు జుట్టులోంచి మా ఇంటి కొబ్బరినూనె వాసన వచ్చింది. దానితో ఒకటి గుర్తొచ్చింది. నొప్పులున్న రోజుల్లో అక్క సీసా మూత తియ్యకముందు దాన్ని ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకునేది. పెదాలు కదిలేవి. తను కూడా ప్రార్థన చేసేది. రోజూ చేసేది. నేను గుమ్మంలో నిలబడి రోజూ చూశాను. చూసి కూడా లెక్కలో వెయ్యలేదు. ఆ నూనె ప్రార్థన లేని నూనె కాదు. అయ్యగారు లేరు, అంతే. నా ప్రయోగం మొదటి రోజే పాడైపోయింది. ఒక్క చెట్టు మీద, అదీ నీళ్లనుకుని మందే కట్టి చేసినదాన్ని మా ఆఫీసులో ప్రయోగమని ఎవరంటారు? దాంతో ఏమీ తేలలేదు. దేవుడు బాగుచేశాడనీ కాదు, చెయ్యలేదనీ కాదు.

నీ సాక్ష్యం అబద్ధం కాదక్కా, ఆ నూనె మీద నీ ప్రార్థన ఉంది అని ఒక్క మాట చెబితే చాలు. తర్వాతి నెల బల్లకే రొట్టె ముట్టేది. మళ్లీ గేదె గురించి, జలుబు గురించి దేవుడితో చెప్పుకునేది. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. చెబితే నేను పొరబడ్డానని ఒప్పుకోవాలి. చెప్పలేదు. చెప్పకుండానే ఏళ్లు గడిపాను. ఒకే ఇంట్లో, ఒకే కంచంలో అన్నట్టు బతుకుతూ.

పోయిన వానల్లో అక్క పోయింది. సమాధి దగ్గర ఎవరైనా రెండు మాటలు చెప్పండి అన్నారు అయ్యగారు. ఆడవాళ్లు నేల చూశారు. నేనే ముందుకొచ్చాను. చివరి రోజుల్లో మా అక్క విశ్వాసంలో బలహీనపడింది, దేవుడు దయగలవాడు అన్నాను. ఎంత తగ్గించుకుని మాట్లాడారండీ అని తర్వాత సంఘంవాళ్లు నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పారు.

ఇదీ నేను చేసింది. క్షమించమని మిమ్మల్ని అడగను. దేవుణ్ణి కూడా ఇంకా అడగలేదు. అడిగితే క్షమిస్తాడేమోనని భయంగా ఉంది. చూడండి, ఇక్కడ కూడా నా పేరు రాయలేదు. ఈ ఆదివారం బల్ల ఉంది. పళ్లెం నా వంతే.

అయినా ఇంతా రాశాక ఛాతీలో కొంచెం తేలికైన మాట నిజం. చెప్పేస్తే ఇలా ఉంటుందని నాకు తెలియదు. అక్కకు తెలుసు. ఆ రోజు నన్ను అడిగింది ఇదొక్కటే, లేచి చెప్పేస్తానురా అని. నేను వద్దన్నాను.