కనపడని పాస్‌వర్డ్

నేనొక ముసలాయన్ని కొట్టాను. తోశానని మా ఇంట్లో చెప్పుకున్నాను గానీ, కొట్టాను.

ఆయన బిట్రగుంట రైల్వే కాలనీలో ఉండే రిటైరైన ఉద్యోగి, మా అమ్మ వెళ్లే చర్చిలో పెద్ద. భార్య పోయి ఏడాది కావస్తోంది. ఆవిడ సొంతంగా రాసుకున్న పాటలు జ్ఞాపకార్థ కూడికలో అచ్చేసి పంచాలని ఆయన ఆశ. ఆయన పాత కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి వేసిచ్చాను. తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోవడానికి కమాండ్ కాగితం మీద రాసి, "ఇది కొట్టి, పాస్‌వర్డ్ కొట్టండి, అంతే" అన్నాను.

ఫోన్లు మొదలయ్యాయి.

"అబ్బయా, అక్షరం పడ్లా."

"గట్టిగా నొక్కండి అంకుల్."

"నొక్కతానే ఉండా. ఒక్కటీ పడ్లా."

కీబోర్డు మార్చమన్నాను. మార్చాడు. మళ్లీ అదే గోల.

కూడిక రోజు పొద్దున్నే మళ్లీ ఫోను. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. నెల్లూరులో రైలెక్కి దారంతా పళ్లు కొరుకుతూ వెళ్లాను.

"వందనాలు అబ్బయా. ఈ పాడు మిషను నా మాట వినేట్టు లేదు" అని నవ్వాడు.

ఆ నవ్వుకి నాకు ఒళ్లు మండిపోయింది. కొత్త కీబోర్డు లాక్కుని బల్లకేసి బాదాను. మీటలు గదంతా ఎగిరాయి. "అయ్యో, కొత్తది!" అంటూ ఆయన అడ్డం వస్తే చెంప మీద ఒక్కటిచ్చాను. కుర్చీతో సహా పడ్డాడు. బల్ల అంచు తగిలి కనుబొమ చీలింది. నెత్తురు తెల్లచొక్కా మీదికి కారింది.

పాత కీబోర్డు తగిలించి నేనే కమాండ్ కొట్టాను. అక్షరాలు చక్కగా పడ్డాయి. పాస్‌వర్డ్ కొట్టాను. తెర మీద ఒక్క చుక్క పడలేదు. పడదు. అక్కడ పాస్‌వర్డ్ కనపడదు, కనపడకపోయినా పూర్తిగా కొట్టి ఎంటర్ నొక్కాలి. నాకు అలవాటైపోయి, చెప్పాలనే తోచలేదు. అక్షరం పడ్లా అని ఆయన అన్నది ఈ పాస్‌వర్డ్ గురించే, ఇన్నాళ్లూ నిజమే చెప్పాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

కంటి మీద తువ్వాలు అదిమిపట్టుకుని ఆయన తన భార్య పాటలు చెబుతుంటే నేను టైపు చేశాను. సాయంత్రానికి అచ్చయ్యాయి. కూడికలో కనుబొమ మీది కట్టు చూసి అడిగినవాళ్లకి, "బల్ల తగిలిందిలే" అన్నాడు.

తర్వాత రెండు నెలలు కూర్చుని ఒక ప్రోగ్రాం రాశాను. కమాండ్ లేదు. కావలసిన సాఫ్ట్‌వేర్ బొమ్మ మీద నొక్కితే చాలు, పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు పడతాయి. ముందు ఆయన దగ్గరికే తీసుకెళ్లాను.

"పడతా ఉండాయి అబ్బయా, పడతా ఉండాయి!" అని మురిసిపోయాడు.

ఇంకొకటి చూపిద్దామని మౌస్ కోసం చెయ్యి చాచాను. ఆయన చప్పున రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.