చేరిన కబురు

పోయిన మంగళవారం ఉదయం నా భార్య కన్నుమూసింది. ఉద్దానంలో, మా ఇంట్లోనే. తెలిసినవాళ్లందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

విశాఖ విమానాశ్రయంలో ఫ్లైట్ ప్లాన్లు తీసుకునే గదిలో చాలా ఏళ్లు పనిచేశాను. వారానికోసారి పలాస రైల్లో ఇంటికి వచ్చేవాణ్ణి. పెళ్లయిన కొత్తలో నా పనేమిటని ఆమె అడిగితే చెప్పాను. విమానం లేచేముందు పైలట్ అన్నీ రాసిస్తాడు: ఎక్కడికి, ఏ దారిన, ఎంత ఎత్తున, ఎందరితో, ఇంధనం ఎంతసేపు వస్తుంది, అక్కడ దిగడం కుదరకపోతే దిగే రెండో చోటు ఏది. దారిలో ఒక్కో చోటు దాటినప్పుడల్లా వేళనూ ఇంధనాన్నీ దాంతో సరిచూసుకుంటాడు. దిగాక చేరినట్టు కబురు రావాలి. రాకపోతే వెతకడం మొదలుపెడతారు.

"ఇంట్లో సెప్పి ఎల్లడమే కదేటి బావా! దానికి నీకు జీతం కూడానా?" అని నవ్వింది.

నవ్వింది గానీ వదల్లేదు. నేను వచ్చే రోజు అరుగు మీద నీళ్ల చెంబు పెట్టేది. నేను కాళ్లు కడుక్కున్నాకే దాన్ని లోపలికి తీసుకెళ్తూ, "దిగినావు. ప్లాను మూసేత్తన్నాను" అనేది. రైలు ఆలస్యమైతే చెంబు పక్కనే కూర్చునేది. "మీ ఆయన ఇమానం ఇంకా దిగనేదేటే?" అని ఎదురింటి పిన్ని వెక్కిరించినా కదిలేది కాదు. ఊళ్లోకి ఎస్టీడీ బూత్ వచ్చాక కూడా చెంబు మానలేదు.

నేను రిటైరయ్యే వేళకి, మా వైపు చాలామందికి లాగే, ఆమెకు కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్‌కి విశాఖ వెళ్లేవాళ్లం. రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఆమే చెప్పేది. "నౌపడ. ఓపికుంది." "ఆమదాలవలస. సగముంది."

చివరిసారి నౌపడ ఉప్పు మడులు కనపడగానే నా చెయ్యి పట్టుకుంది.

"బావా, ఆ రెండో సోటు, బయల్దేరిన ఊరే రాసుకోవచ్చా?"

"రాసుకోవచ్చు."

"అయితే ఇక్కడ దింపీ. ఇంటికెల్పోదాం."

"ఆస్పత్రికి చేరాక మాట్లాడుకుందాం."

"అందాకా ఓపిక రాదు బావా. నాకు తెల్దేటి?"

ఇక చెయ్యగలిగింది తక్కువని డాక్టరు అంతకుముందే చెప్పారు. ఆమెకు తెలుసు. నాకే ఇంకా విశాఖ చేరాలని ఉంది. బండి ఆగింది. దిగాం.

ఇంటి ముందు ఆటో ఆగాక చెంబుతో నీళ్లు తెచ్చి ఆమె కాళ్లు కడిగాను.

"సేరిపోనాను," అంది. "మూసీ బావా."

చెంబు లోపలికి తీసుకెళ్లాను.

ఇప్పుడు వెళ్లిన చోటి నుంచి కబురు రాదు. చదువుకున్నవాణ్ణి, ఆ మాత్రం తెలుసు. అయినా రోజూ పొద్దున్నే చెంబు నింపి అరుగు మీద పెడుతున్నాను. ఇవాళ సముద్రపు గాలికి జీడిపూత రాలి, ఆ నీళ్ల మీద తేలుతోంది.