ఏడు దెబ్బల జ్లాతిన

ప్లొవ్‌దివ్ ఊళ్ళో కారు నేర్చుకున్నవాళ్ళలో సగం మంది జ్లాతిన చేత తిట్లు తిన్నవాళ్ళే. డ్రైవింగ్ స్కూలు కారులో పక్క సీట్లో కూర్చుని, తన వైపు బ్రేకు మీద కాలు పెట్టుకుని, "అద్దంలో వెనకొచ్చే బండిని చూడవయ్యా, నీ అందాన్ని కాదు!" అని అరిచే మనిషి. అంతకుముందు ఏళ్ళ తరబడి జానపద బృందంలో వరస ముందు రుమాలు ఊపుతూ ఆడింది. మోకాలు పోయింది, ఇక ఆడకూడదన్నారు. పెళ్ళిళ్ళలో కుర్చీకి అతుక్కుని చప్పట్లు కొట్టడం ఆవిడ వల్ల కాలేదు. ఆడలేకపోతే ఆడిస్తాను, పోండి, అని యాభై దాటాక వెళ్ళి క్లబ్బులో డీజే క్లాసులో చేరింది.

నేర్పేవాడు కలోయన్, ఆవిడ కొడుకు వయసువాడు. "లెక్క నాలుగు, పిన్నీ. ఈ పాట ఒకటో దెబ్బ మీద ఆ పాట ఒకటో దెబ్బ పడాలి. అంతే విద్య."

అంతేనట! పడితేగా. జానపద బృందంలో రాచెనిత్స అనే ఆట ఆడీ ఆడీ ఆవిడ ఒంట్లో దాని ఏడు దెబ్బలు ఇంకిపోయాయి, తక తక తకిట అని. నాలుగు లెక్కపెడుతూనే ఏడుకి జారిపోయేది. రెండు పాటలూ కలిసి మెట్ల మీంచి దొర్లే బిందెల్లా మోగేవి. కుర్రకారు ఒకటే నవ్వు. నిజం చెప్పొద్దూ, ఆవిడకి చెయ్యి తిరగనేలేదు.

ఆఖరి రోజు సాయంత్రం చుట్టాల ముందు, స్నేహితుల ముందు తలా కాసేపు వాయించాలి. జ్లాతిన రాచెనిత్స వేస్తానంది.

"ఆ కుంటి తాళానికి ఇక్కడెవడూ ఆడడు పిన్నీ."

"నా నడకా కుంటిదే. నడవడం మానేశానా?"

"జనం ఆగిపోతే నేనొచ్చి సౌండ్ తగ్గించేస్తా. తర్వాత ఏడవకు."

"ఏడ్చావులే!"

ఆవిడ వంతు వచ్చింది. మొదటి పాట నాలుగులోనే బాగా సాగింది. దాన్ని తెగ్గొట్టి, గైదా అనే తిత్తిబూర, పెద్ద డోలు మోగే రాచెనిత్స పాట ఎత్తుకుంది. కింద అడుగులు తడబడ్డాయి. ఒకడు చేతులు పైకెత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు. "పెళ్ళెవరిదీ?" అని ఎవరో అరిచి ఈల వేశారు. ఇది కూడా పోతే జ్లాతినకి ఇక మిగిలేది ఆ పెళ్ళి కుర్చీయే.

కలోయన్ చెయ్యి సౌండ్ మీట మీదకి వచ్చింది. ఆవిడ ఫట్‌మని ఒక్కటిచ్చింది.

"పక్కన కూర్చుని బ్రేకు తొక్కడమే నా పనిరా. గుద్దబోతే తప్ప తొక్కను. నువ్వూ ఆగు."

"గుద్దేశావుగా! ఒక్కరైనా కదులుతున్నారా?"

జ్లాతిన బల్ల కిందికి చూసింది. అక్కడ వాడి బూటు. తక తక తకిట.

"కదులుతున్నారు. నీ కాలు చూసుకో."

వాడి చెవులు ఎర్రబడ్డాయి. "చిన్నప్పుడు మామ్మ నేర్పింది," అని గొణిగాడు.

ఆవిడ జేబులోంచి తన పాత కుట్టుపని రుమాలు తీసి వాడి చేతిలో కుక్కింది. "నేను దిగలేను. నా బదులు వరస ముందు నువ్వు నిలబడు."

"అందరూ చూస్తారు పిన్నీ!"

"చూడనీ. దిగు!" అంటూ సౌండ్ ఇంకా పెంచింది.

వాడు దిగాడు. ఓ అమ్మాయి వాడి చెయ్యి పట్టుకుంది, ఆమె చెయ్యి ఇంకొకడు. వరస గోడ దాకా వెళ్ళి తిరిగింది. జ్లాతినకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుందామంటే రుమాలు లేదాయె. మోచేత్తో మొహం రుద్దుకుని కిందికి వంగి అరిచింది:

"రుమాలు పైకెత్తి ఊపరా! కారద్దం తుడుస్తున్నావా?"