అవ్వ చెవిన పడ్డ మాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎంత మాట్లాడినా బదులు వచ్చేది కాదు. తెలంగాణ వచ్చిన కొత్త రోజులవి. రామన్నపేటలో ఐదో తరగతి చదువుతున్నాను. అమ్మ చనిపోయి అప్పటికి రెండేళ్లు. మా బాపు మేళ్లచెరువు దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పదిహేను రోజులకోసారి ఇంటికి వచ్చేవాడు. మిగతా రోజుల్లో ఆ కిరాయి ఇంట్లో నేనూ, బాపును కన్న మా అవ్వా ఉండేవాళ్లం. నాకు మాటలు రాకముందు నుంచే అవ్వకు చెవులు దాదాపు వినపడవు.

బడి నుంచి రాగానే అన్నం పెట్టి, నేను తింటుంటే ఎదురుగా కూర్చునేది. ఏదైనా చెబితే నా పెదవుల వంక చూసి, అర్థమైనట్టు తలూపేది. ఒకరోజు బళ్లో దెబ్బలు తిన్న సంగతి చెబితే నవ్వుతూ తలూపింది. ఆ తర్వాత చెప్పడం మానేశాను. నాలో నేనే గొణుక్కోవడం అలవాటైంది. ఎలాగూ వినపడదని, ఆమె పక్కనే నిలబడి నోటికొచ్చింది అనేదాన్ని.

ఆ ఏడాది బాపుకు ఇన్‌కమ్ ట్యాక్స్ రీఫండ్ వచ్చింది. కిరాయి రసీదులు, బీమా కాగితాలు ఆఫీసులో వేళకు ఇవ్వకపోవడంతో అంతకుముందు జీతంలోంచి పన్ను ఎక్కువ పట్టుకున్నారట. తోటి పనివాడొకాయన చెబితే రిటర్న్ వేశాడు. కొన్ని నెలలకు, అలా ఎక్కువ పట్టుకున్న సొమ్ము తిరిగి బ్యాంకులో పడింది. ఇంటికి వచ్చి, ఏం కొందామని నన్నే అడిగాడు.

"పెద్ద టీవీ కొందాం బాపూ. ఇంట్ల ఎవలో ఒకలు మాట్లాడినట్టుంటది" అన్నాను.

"టీవీ నీతోని మాట్లాడదు బిడ్డా. నువ్వు మాట్లాడితె బదులిచ్చేది తెస్త" అన్నాడు.

అది ఫోనే అనుకున్నాను. బళ్లో అందరికీ చెప్పుకున్నాను కూడా.

తర్వాతి సారి వచ్చినప్పుడు బాపు సెలవు పెట్టి, అవ్వను నల్లగొండ దవాఖానకు తీసుకెళ్లాడు. సాయంత్రం వాళ్లు తిరిగొచ్చేసరికి నేను వాకిట్లోనే ఉన్నాను. బాపు సంచిలోంచి చిన్న డబ్బా తీశాడు. అందులో చెవి మిషన్ ఉంది. దాన్ని అవ్వ చెవికి తగిలించి, నా వైపు చూసి నవ్వాడు. "నాకేది?" అని అడిగితే "గిదే" అన్నాడు. తర్వాత పాల ప్యాకెట్ తేవడానికి బయటికి వెళ్లాడు.

నాకు ఏడుపు, కోపం ఒక్కసారే వచ్చాయి. అవ్వ చాటలో బియ్యం ఏరుతోంది. ఆమెకు వీపు పెట్టి నిలబడి, ఎప్పటిలాగే గొణిగాను. "గీమెకు ఎందుకు కొన్నడు? అమ్మకు బదులు గీమె సచ్చిపోయినా మంచిగుండేది."

వెనక బియ్యం చప్పుడు ఆగిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, అవ్వకు వినపడుతుందని. తిరిగి చూడడానికి ధైర్యం చాలలేదు.

"నేను గూడ గదే మొక్కిన బిడ్డా" అంది అవ్వ నెమ్మదిగా. "మీ అమ్మను ఉంచి నన్ను తీస్కపొమ్మని దవాఖాన ముంగట కూసొని మొక్కిన. దేవుడు ఇనలే."

మళ్లీ తనే అంది. "నీ గొంతు గిట్లుంటదా? అచ్చం మీ అమ్మ గొంతే. జర ఇటు రా. ఇంకేమన్న చెప్పు. ఇయ్యాల బళ్లె ఏమైంది?"

వెళ్లి ఆమె ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చాను. ఆ ఏడుపు కూడా ఆమెకు వినపడింది. వీపు నిమురుతూనే ఉంది. బాపు వచ్చేసరికి ఇద్దరం మాట్లాడుకుంటున్నాం. నేనన్న మాట అవ్వ ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.

మర్నాడు బస్సుకు బయల్దేరుతూ, మిగిలిన పైసలు మిషన్ బ్యాటరీలకు, రిపేర్లకు దాచానని బాపు చెప్పాడు. "గిది ఉత్తగ వచ్చిన సొమ్ము గాదు. నా కష్టమే తిరిగొచ్చింది. మన ఇంట్ల ఏది లేదో దానికే పెట్టిన" అన్నాడు. మరుసటి ఏడు కాగితాలన్నీ ఆఫీసులో వేళకే ఇచ్చాడు.

ఆ తర్వాత అవ్వ నాలుగేళ్లు బతికింది. రోజూ నేను చెప్పేవన్నీ వింది, అమ్మ గురించి నాకు తెలియనివెన్నో చెప్పింది. ఇప్పుడు నేనూ ఉద్యోగం చేస్తున్నాను. నాకూ అప్పుడప్పుడు రీఫండ్ వస్తుంది. అది పడగానే కొత్తది ఏం కొందామని కాక, ఇంట్లో ఎవరు ఏది లేక నోరు మూసుకుని నెట్టుకొస్తున్నారో చూస్తాను. పోయినేడు బాపుకు పళ్ల సెట్టు కట్టించాను.

డబ్బు సంగతి అలా నేర్చుకున్నాను. కానీ ఆ సాయంత్రం నుంచి నా వెంట వస్తున్నది మరొకటుంది. ఆ మాట అన్నందుకు తప్పైందని అవ్వకు నేను చెప్పనే లేదు. నాలుగేళ్లు ఆమె వింటూనే ఉంది. నాకే నోరు రాలేదు.